టమాటా తోటలో పురుగులు: మందు డబ్బా తెరవకముందు చేయవలసిన పనులు

టమాటా వేసినవారు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "ఆకులు ముడుచుకుంటున్నాయి, కాయలకు రంధ్రాలు పడుతున్నాయి, ఏ మందు కొట్టాలి?" దీనికి మందు పేరుతో జవాబు చెప్పడం సరికాదు. ఆకు ముడతకు కారణం తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్ కావచ్చు, నల్లి కావచ్చు, లేదా మధ్యాహ్నపు ఎండకు మొక్క తన ఆకులను తానే చుట్టుకొని ఉండవచ్చు. ఈ మూడింటికీ చేయవలసిన పనులు వేరు, మూడోదానికైతే నీళ్లు చూసుకోవడం తప్ప ఏమీ చేయనక్కరలేదు. ఏ పురుగో తెలియకుండా కొట్టిన మందు ఆ పురుగును తినే జీవులను ముందు చంపుతుందని, నెల తిరిగేసరికి అదే పురుగు రెట్టింపు బలంతో వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను కాబట్టి, ఈ మార్గదర్శిని చూడటంతో మొదలై పిచికారీతో ముగుస్తుంది.

ఇక్కడ చెప్పిన మోతాదులన్నీ ఒక ఎకరానికి, కర్రలు పాతి తీగ కట్టి డ్రిప్ మీద పెంచే తోటకు ఉద్దేశించినవి. మదనపల్లె, ములకలచెరువు, పలమనేరు వైపు సాగు ఎక్కువగా ఇలాగే ఉంటుంది. నేల మీద పాకించే తోటలకు కూడా పద్ధతి ఇదే, కాకపోతే కింది ఆకులను మరింత శ్రద్ధగా చూడాలి. మిద్దె మీద కుండీల్లో పెంచేవారికి వేరుగా చెప్పవలసినవి చివర్లో ఉన్నాయి.

సిద్ధం చేసుకోవలసినవి

- నారుమడి మీద కప్పడానికి 40 మెష్ నైలాన్ వల
- పొడుగు రకం ఆఫ్రికన్ బంతి నారు (ఎకరంలో 8000 టమాటా మొక్కలు ఉంటే సుమారు 500 బంతి మొక్కలు)
- గట్ల వెంట చల్లడానికి జొన్న విత్తనం
- పసుపు జిగురు అట్టలు 20, నీలం అట్టలు 5 నుంచి 10
- కాయతొలుచు పురుగుకు లింగాకర్షక బుట్టలు (మగ పురుగులను ఎరతో ఆకర్షించి పట్టేవి) 5, టూటా పురుగుకు (ఆకుల్లో, కాయల్లో దూరి తినేది, వివరం తొమ్మిదో మెట్టులో) 16, వాటికి సరిపడా ఎరలు
- పక్షులు వాలడానికి పంగలకర్రలు 10
- ఒక్కో పిచికారీకి 10 కిలోల వేపగింజల పప్పు
- ట్రైకోగ్రామా కార్డులు (పురుగు గుడ్లను నాశనం చేసే చిన్న కందిరీగలవి), ఎన్‌పీవీ ద్రావణం (కాయతొలుచు పురుగుకు జబ్బు తెచ్చే వైరస్), బీటీ పొడి (పురుగులను చంపే బాక్టీరియా) (ఇవి ముందే కొని నిల్వ పెట్టేవి కావు, అవసరానికి వారం ముందు తెప్పించుకోవాలి)
- పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, ఒక నోటు పుస్తకం

జాబితాలో ఏది తగ్గించినా భూతద్దాన్ని మాత్రం వదలకండి. పురుగును గుడ్డు దశలో గుర్తించగలిగితే మిగిలిన ఖర్చు సగం తగ్గుతుంది. జీవ నియంత్రణ సామగ్రి కోసం మీకు దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో గాని, ఉద్యాన శాఖ అధికారి దగ్గర గాని ముందుగా విచారించండి.

1. నారును వల కిందనే పెంచండి

తెల్లదోమ నారు దశలో కుట్టిందంటే ఆకుముడత వైరస్ మొక్కతోపాటు తోటలోకి వస్తుంది, ఆ తరువాత ఎంత ఖర్చు పెట్టినా ఆ మొక్క కాయదు. కాబట్టి విత్తనం పెట్టిన రోజు నుంచి నారు పీకే రోజు వరకు, అంటే 25 నుంచి 30 రోజులు, వల తీయకూడదు. వల అంచులను మట్టితో పూర్తిగా కప్పండి, నీళ్లు పోయడానికి ఎత్తినప్పుడు వెంటనే దించండి. నారుమడికి పక్కనే పాత టమాటా, వంగ, బెండ తోటలు ఉండకూడదు.

బయట నర్సరీలో నారు కొనేవారు ట్రేను కంటి ఎత్తుకు లేపి మెల్లగా ఊపి చూడండి. తెల్లటి చిన్న దోమలు ఎగిరితే ఆ నారు తీసుకోవద్దు. ఆకుల మీద తెల్లని గీతలు, మచ్చలు ఉన్నా తీసుకోవద్దు. వేసవి నాట్లకు వైరస్‌ను తట్టుకునే హైబ్రిడ్లను ఎంచుకోవడం మంచిది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క రక్షక్ ఆకుముడత వైరస్‌ను, బాక్టీరియా ఎండు తెగులును, ఆకుమాడు తెగులును కలిపి తట్టుకునే రకం. తట్టుకునే రకానికి కూడా వల అవసరమే, పైగా ఏ రకమూ కాయతొలుచు పురుగును ఆపదు.

2. గట్టు మీద జొన్న, సాళ్ల మధ్య బంతి

టమాటా నాటడానికి రెండు మూడు వారాల ముందే తోట చుట్టూ రెండు మూడు వరుసల జొన్నను ఒత్తుగా చల్లండి. గాలితో కొట్టుకొచ్చే తెల్లదోమ, తామర పురుగులు ఆ గోడ దగ్గర కొంతవరకు ఆగుతాయి, జొన్న మీద పేనుబంక చేరితే దాన్ని తినడానికి అక్షింతల పురుగులు చేరతాయి. మొక్కజొన్న కూడా వేయవచ్చు, కాని దానికి కత్తెర పురుగు బెడద ఉన్నందువల్ల నేను జొన్ననే ఇష్టపడతాను. ఏది వేసినా కంకి దశలో పచ్చపురుగు (టమాటాలో కాయతొలుచు పురుగు ఇదే) చేరుతుంది కాబట్టి కంకులను కూడా చూస్తూ ఉండాలి. గట్టు ఖాళీగా ఉంది కదా అని బెండ, వంగ వేయడం మాత్రం తెల్లదోమకు ఇల్లు కట్టించి ఇవ్వడమే.

బంతి సంగతిలో అందరూ తప్పేది వయసు దగ్గర. ప్రతి 16 సాళ్ల టమాటాకు ఒక సాలు బంతి వేయాలన్నది భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ సిఫారసు. నాటే రోజుకు బంతి నారు వయసు 40 నుంచి 45 రోజులు, టమాటా నారు వయసు 25 రోజులు ఉండాలి. అప్పుడే టమాటా పూతకు వచ్చే సమయానికి బంతి కూడా మొగ్గ తొడుగుతుంది, తల్లి రెక్కల పురుగు తన గుడ్లలో ఎక్కువ భాగాన్ని ఆ మొగ్గల మీద పెడుతుంది. రెండు నారులను ఒకే రోజు పోసి ఒకే రోజు నాటితే బంతి ఆలస్యంగా పూస్తుంది, ఈలోగా గుడ్లు టమాటా మీద పడిపోతాయి. పొట్టి రకం బంతి కూడా పనికిరాదు, టమాటా నీడలో అది కనపడదు.

బంతి ఎర పంట అని మరచిపోకండి. ఎర వేసి చూడకుండా వదిలేస్తే అక్కడే పురుగు పెరిగి టమాటా మీదికి వస్తుంది. వారం వారం బంతి మొగ్గలను చూసి, పురుగు ఉన్న పూలను కోసి నాశనం చేయండి. ఎండాకాలంలో బంతి మీద ఎర్రనల్లి చేరుతుంది, ఆకుల అడుగున సన్నని గూడు, పసుపు చుక్కలు కనబడితే ఆ మొక్కలను తీసేయండి. బంతి వేర్ల వల్ల నేలలో నులిపురుగుల ఉధృతి తగ్గడం, దసరా దీపావళి సమయంలో పూలకు ధర రావడం అదనపు లాభాలు.

3. అట్టలు, బుట్టలు, కర్రలు పెట్టండి

నాటిన వారం లోపు పసుపు అట్టలను మొక్క కొసకు జానెడు ఎత్తున కట్టి, మొక్క పెరిగే కొద్దీ పైకి జరపండి. తెల్లదోమకు పసుపు, తామర పురుగుకు నీలం. అట్ట నిండిపోయినా, దుమ్ము పట్టినా మార్చాలి. ఇవి ప్రధానంగా పురుగు రాకను తెలిపే సాధనాలు. తెల్లదోమ తోట నిండా కమ్మిన తరువాత వంద అట్టలు కట్టినా అదుపు కాదు, పైగా మిత్రపురుగులు కూడా వాటికే అంటుకొని చస్తాయి.

కాయతొలుచు పురుగు బుట్టను మొక్కల కంటే అడుగు ఎత్తున, టూటా బుట్టను మొక్క మొదట్లో కిందగా పెట్టండి. ఎరను చేతితో తాకకూడదు, పొట్లం కత్తిరించి నేరుగా బుట్టలోకి దించండి. ఒక బుట్టలో రెండు రకాల ఎరలు పెడితే రెండూ పనిచేయవు. ఎరను మూడు నాలుగు వారాలకు ఒకసారి మార్చాలి, మిగిలినవాటిని ఫ్రిజ్‌లో ఉంచండి. టూటాకు బుట్టలు దొరకకపోతే వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్‌లో నీళ్లు పోసి, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి, నీటికి కొద్దిగా పైన ఎర వేలాడేలా తీగ కట్టండి, ఇది కొన్న బుట్టకు ఏమాత్రం తీసిపోదు.

ఈ బుట్టల్లో పడేవి మగ పురుగులే. అందువల్ల బుట్ట నిండుతోంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు, అది గుడ్ల కోసం వెదకడం మొదలుపెట్టమని చెప్పే గుర్తు. వరుసగా మూడు రాత్రులు సంఖ్య పెరుగుతుంటే ఆ వారం తోటను మరింత జాగ్రత్తగా చూడాలి.

పంగలకర్రలను మొక్కల కంటే ఎత్తుగా పాతండి. పసిరిక పిట్ట, గోరింక వంటివి వాటి మీద వాలి పురుగులను ఏరుకుంటాయి. కాయ పండే దశలో పిట్టలు కాయలను పొడుస్తున్నట్లు కనబడితే కర్రలను తీసేయవచ్చు. దీపపు ఎర పెట్టేవారు రాత్రి 7 నుంచి 10 గంటల వరకే వెలిగించండి, తెల్లవార్లూ వెలిగిస్తే మేలు చేసే పురుగులు కూడా అందులో పడతాయి.

4. వారానికి రెండుసార్లు తోటను పరిశీలించండి

ఇది మొత్తం పద్ధతికి ప్రాణం, అందరూ దాటవేసేది కూడా ఇదే. ఎండ ఎక్కకముందు, తెల్లదోమ ఇంకా మందకొడిగా ఉన్నప్పుడు, తోటలో ఐదు చోట్ల ఆగి ఒక్కో చోట నాలుగు మొక్కలు చూడండి. గట్టు పక్క మొక్కలనే చూసి వచ్చేస్తే లెక్క తప్పుతుంది, లోపలికి వంకరటింకరగా నడవాలి. ఒక్కో మొక్క దగ్గర ఈ వరుసలో చూడండి.

మొదట పై మూడు ఆకులను మెల్లగా తిప్పి అడుగున చూడండి. తెల్లని చిన్న దోమలు, కదలకుండా అతుక్కొని ఉండే లేత పసుపు పొలుసుల వంటి వాటి పిల్లలు ఉన్నాయేమో లెక్కపెట్టండి. తరువాత పూగుత్తిని, దాని కింద ఆకును చూడండి. కాయతొలుచు పురుగు గుడ్లు ఆవగింజ కంటే చిన్నవి, గుండ్రంగా, పాలమీగడ రంగులో ఒక్కొక్కటిగా ఉంటాయి. పొగాకు లద్దె పురుగు అలా కాదు, గుడ్లను కుప్పగా పెట్టి గోధుమ రంగు నూగుతో కప్పుతుంది. ఆ ఆకును తుంచి సబ్బు నీళ్లలో వేస్తే వందల పురుగులు ఒక్క చేతి కదలికతో పోయినట్లే, దానికి ఏ మందూ సాటిరాదు. ఆ తరువాత పూగుత్తిని తెల్ల కాగితం మీద తట్టండి, కాగితం మీద సన్నని గీతల్లా పాకేవి తామర పురుగులు. చివరగా కింది ఆకుల మీద చారలను, తొడిమ దగ్గర కాయలను చూడండి.

చూసినది చూసినట్లు పుస్తకంలో రాయండి: తేదీ, ఎన్ని మొక్కలకు ఎన్ని గుడ్లు, ఎన్ని పురుగులు, ఎన్ని మిత్రపురుగులు. మూడు వారాల తరువాత ఆ పుస్తకమే మీకు సలహా చెబుతుంది.

5. ఏది తినేది, ఏది కాపాడేది అని తేల్చుకోండి

గుడ్డు రంగుతో మొదలుపెడదాం. పాలమీగడ రంగు గుడ్డు అంటే కొత్తగా పెట్టినది. గోధుమ రంగు వలయం కనిపిస్తే రేపో మాపో పొదుగుతుంది. గుడ్డు నిగనిగలాడే నలుపులోకి మారితే దానిలో ట్రైకోగ్రామా అనే కంటికి ఆనని కందిరీగ పెరుగుతోందని అర్థం, ఆ గుడ్డు నుంచి పురుగు రాదు, మరికొన్ని కందిరీగలు వస్తాయి. నల్లగుడ్లు ఎక్కువగా కనబడే తోటలో ఆ వారం ఏమీ కొట్టకుండా ఉండటమే సరైన పని.

అక్షింతల పురుగు పెద్దదాన్ని అందరూ గుర్తుపడతారు, పిల్లను మాత్రం చంపేస్తారు. నల్లని పొడవాటి ఒళ్లు, నారింజ రంగు మచ్చలు, చురుకైన ఆరు కాళ్లతో ఆకు మీద పరుగెత్తే ఆ పిల్ల పేనుబంకను, తెల్లదోమ పిల్లలను తింటుంది. దీనికి పోలికలున్న శత్రువు కూడా ఒకటుంది. వంగ, టమాటా ఆకులను గీకి జల్లెడలా చేసే పెంకు పురుగుకు వీపు మీద 28 మచ్చలు ఉంటాయి, ఒళ్లు నిగనిగలాడదు, సన్నని నూగుతో మసకగా ఉంటుంది, దాని పిల్ల పసుపు రంగులో ముళ్లతో నిండి ఆకు మీద మందంగా కదులుతుంది. మెరిసేది మిత్రుడు, మసకది శత్రువు అని గుర్తుపెట్టుకుంటే పొరబడరు. ఆకుకు వెంట్రుక వంటి కాడ మీద నిలబెట్టినట్లున్న గుడ్లు అల్లిక రెక్కల పురుగువి, వాటిని తాకవద్దు. సాలీళ్లను కూడా వదిలేయండి.

ఒక సందేహం చాలామందికి వస్తుంది: లేత కాండం చుట్టూ గోధుమ రంగు ఉంగరాలు పడి కాడ విరుగుతోంది, ఏ తెగులు? అది తెగులు కాదు. నెసిడియోకోరిస్ అనే సన్నని ఆకుపచ్చ నల్లి తెల్లదోమను, టూటా గుడ్లను తింటూ బతుకుతుంది, అవి దొరకనప్పుడు మాత్రం టమాటా కాడనే పీలుస్తుంది. తోటలో తెల్లదోమ, టూటా ఉన్నంతకాలం ఈ నల్లి మీకు లాభమే. అవి లేక, పూలు రాలేంతగా ఇది పెరిగినప్పుడే దీని గురించి ఆలోచించాలి.

టమాటా పూలకు ఇంకో అవసరం ఉంది. పువ్వు తనకు తానే ఫలదీకరణ చెందుతుంది, కాని పుప్పొడి రాలాలంటే కదలిక కావాలి. పూవును పట్టుకొని ఝుమ్మని ఒళ్లు అదిరించే తుమ్మెదలు, నీలి చారల తేనెటీగలు ఆ పని చేస్తాయి. ఉదయం పూట ఏది పిచికారీ చేసినా ముందు వాటికే తగులుతుంది కనుక ఇక్కడ చెప్పిన పిచికారీలన్నీ సాయంత్రం 4 గంటల తరువాతే చేయాలి.

6. పూత మొదలవగానే ట్రైకో కార్డులు కట్టండి

ఒక కార్డు మీద లోపల ట్రైకోగ్రామా పెరుగుతున్న గుడ్లు సుమారు 20 వేలు ఉంటాయి, అది ఎకరానికి ఒక విడతకు సరిపోతుంది. కార్డును చిన్న ముక్కలుగా కత్తిరించి, పొలమంతా సమానంగా, ఆకు అడుగున ఎండ తగలని చోట పిన్ను కొట్టండి. వారానికి ఒకసారి చొప్పున ఐదారు విడతలు కట్టాలి. కార్డు తీసుకునేటప్పుడు భూతద్దంతో చూడండి: గుడ్లు నల్లగా, చెక్కుచెదరకుండా ఉండాలి, వాటికి సూదిమొన రంధ్రాలు కనబడితే కందిరీగలు దారిలోనే వెళ్లిపోయాయని అర్థం. చీమలు ఎక్కువగా ఉన్న వరుసల్లో కార్డు ముక్కలు ఖాళీ అయిపోతాయి, అక్కడ తీగ మీద కట్టి కాడకు తగలకుండా చూడండి. కార్డు కట్టడానికి వారం ముందు, కట్టిన తరువాత వారం వరకు పురుగుమందు కొట్టకూడదు.

7. వేపగింజల కషాయం చేసుకోండి

1. ఎకరానికి 10 కిలోల ఎండిన వేపగింజల పప్పును ముతక పొడిగా దంచండి. పిండిలా మరపట్టిస్తే వడకట్టడం కష్టం.
2. పలుచని గుడ్డలో మూట కట్టి 20 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టండి.
3. తెల్లవారి మూటను పాలవంటి ద్రవం రావడం ఆగేదాకా అదే నీటిలో పిసికి, రెండు పొరల గుడ్డతో వడకట్టండి.
4. 200 గ్రాముల సబ్బు పొడిని కొద్ది నీటిలో కరిగించి కలపండి.
5. మొత్తం 200 లీటర్లు చేసి ఆ సాయంత్రమే కొట్టండి. మర్నాటికి దాచకూడదు.

గింజలు ఆ ఏడాదివే కావాలి. వేసవి చివర రాలిన పండ్లను ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, గాలి ఆడే గోనెసంచిలో ఉంచిన గింజ పనిచేస్తుంది. బూజు పట్టిన గింజ, ప్లాస్టిక్ సంచిలో ఉమ్మిన గింజ, నల్లబడిన పప్పు ఎంత వేసినా ఫలితం ఉండదు. "వేప కొట్టాను, ఏమీ కాలేదు" అనేవారిలో చాలామంది సమస్య గింజ దగ్గరే ఉంటుంది.

గింజలు దొరకకపోతే 1500 పీపీఎం వేపనూనెను లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున కలపవచ్చు. ముందు నూనెను సబ్బు ద్రావణంలో బాగా గిలకొట్టండి, నీటిలో పోసినప్పుడు పాలలా కలిసిపోవాలి, పైన నూనె చుక్కలు తేలితే అది కలవలేదు, అలా కొడితే ఆకులు మాడతాయి. దీపారాధనకు అమ్మే నూనెను నమ్ముకోకండి. ప్రకృతి వ్యవసాయం చేసేవారు నీమాస్త్రం (వేపాకు, ఆవు మూత్రం, పేడతో చేసే ద్రావణం) వాడుతున్నారు, పీల్చే పురుగుల మీద తొలి దశలో అది కూడా పనికొస్తుంది. ఏది వాడినా తొలిసారి పది మొక్కల మీద కొట్టి రెండు రోజులు చూడండి.

పిచికారీ ఆకు అడుగుకు చేరాలి. నాజిల్‌ను కింది నుంచి పైకి తిప్పి కొట్టకపోతే తెల్లదోమ పిల్లలకు చుక్క కూడా తగలదు. వేప చంపే విషం కాదు, పురుగు తినడం మానేలా, ఎదగకుండా, గుడ్లు పెట్టకుండా చేస్తుంది. కాబట్టి మరుసటి ఉదయం చచ్చిన పురుగుల కోసం వెదకవద్దు, వారం తరువాత పిల్లల సంఖ్య తగ్గిందా అని చూడండి.

8. కాయతొలుచు పురుగుకు ఎన్‌పీవీ లేదా బీటీ

ఎన్‌పీవీ పచ్చపురుగుకు మాత్రమే జబ్బు తెచ్చే వైరస్. హెక్టారుకు (ఎల్‌ఈ అనే వైరస్ మోతాదు కొలమానంలో) 250 ఎల్‌ఈ, అంటే ఎకరానికి 100 ఎల్‌ఈ, నాటిన 28, 35, 42 రోజులకు కొట్టాలని సిఫారసు ఉంది. లీటరుకు 10 గ్రాముల బెల్లం, ఒక గ్రాము బట్టల నీలం పొడి కలపండి: బెల్లం వల్ల పురుగు ఇష్టంగా తింటుంది, నీలం ఎండ నుంచి వైరస్‌ను కాపాడుతుంది. బంతి సాళ్లను కూడా తడపడం మరచిపోవద్దు. నాలుగు నుంచి ఏడు రోజుల్లో పురుగులు మొక్క పైకి ఎక్కి, తలకిందులుగా వేలాడి, నల్లబడి కారిపోతాయి. అలా వేలాడే పురుగులు కనబడితే పిచికారీ పనిచేసినట్లే. వాటిని తీయకండి, వాటి నుంచి కారే ద్రవం మిగిలిన పురుగులకు జబ్బును అంటిస్తుంది.

బీటీ పొడి చిన్న పురుగుల మీద బాగా పనిచేస్తుంది. తిన్న కొద్ది గంటల్లో మేత ఆపి రెండు మూడు రోజుల్లో చస్తాయి. లేబుల్ మీది మోతాదు వాడండి.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. మదనపల్లె, పలమనేరు, హిందూపురం ప్రాంతాల్లో టమాటా పక్కనే మల్బరీ తోటలు ఉంటాయి. బీటీ పట్టుపురుగుకు ప్రాణాంతకం. గాలికి కొట్టుకుపోయిన తుంపర మల్బరీ ఆకు మీద పడినా పొరుగువారి పంట పోతుంది. మల్బరీ దగ్గరగా ఉన్న పొలంలో బీటీ వాడకండి, పచ్చపురుగు ఎన్‌పీవీ పట్టుపురుగును ఏమీ చేయదు కాబట్టి దానినే ఎంచుకోండి. కొట్టిన పంపుతో, చేతులతో పట్టుపురుగుల షెడ్డులోకి వెళ్లకూడదు.

ఈ రెండూ పురుగు కాయలోకి దూరకముందే పనిచేస్తాయి. పచ్చపురుగు తల లోపల, ఒళ్లు బయట ఉంచి తింటుంది, ఒక్కటే పురుగు ఒక కాయ వదిలి ఇంకో కాయకు పోతుంది. అలా బయట కనిపించే పెద్ద పురుగులను చేతితో ఏరడమే మార్గం.

9. టూటా పురుగు వస్తే

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ పురుగును మన దేశంలో 2014లో గుర్తించారు. చాలామంది దీన్ని పాత పాముపొడ అనుకొని వారాలు పోగొట్టుకుంటారు. పాముపొడ చార సన్నగా, వంకరలు తిరుగుతూ ఒక గీతలా ఉంటుంది, లోపల కాళ్లు లేని చిన్న పసుపు పురుగు ఉంటుంది. టూటా చేసే మచ్చ వెడల్పుగా, పొక్కులా ఉబ్బి, లోపల నల్లని విసర్జనతో ఉంటుంది. ఆకును ఎండకు ఎదురుగా పెట్టి చూస్తే తల, కాళ్లు ఉన్న లేత ఆకుపచ్చ పురుగు కదులుతుంది. కాయల మీద తొడిమ కింద గుండుసూది గుచ్చినట్లు రంధ్రాలుంటే అనుమానం అక్కరలేదు.

పాముపొడ ఆకులు మొక్కకు నాలుగైదు ఉన్నా దిగుబడి పెద్దగా తగ్గదు, వాటి మీద కందిరీగలు తమ పని తాము చేస్తాయి. టూటాను మాత్రం మొదటి మచ్చ దగ్గరే పట్టుకోవాలి. మచ్చలున్న ఆకులను, రంధ్రాలున్న కాయలను అదే రోజు తుంచి నల్ల పాలిథీన్ సంచిలో వేసి, మూతి కట్టి రెండు వారాలు ఎండలో పెట్టండి. గట్టు మీద పారేస్తే పురుగు అందులోనే ఎదిగి తిరిగి తోటలోకి ఎగురుతుంది, ఈ ఒక్క అలవాటు మానితే సగం పోరు గెలిచినట్లే. మచ్చ ఇంకా చిన్నగా ఉన్నప్పుడు వేప కషాయం, బీటీ పనిచేస్తాయి, పెద్ద పొక్కు లోపలి పురుగుకు అవి చేరవు.

10. వైరస్ మొక్కలను పీకండి

నాటిన 45 రోజుల లోపు ఆకులు చిన్నవై, పైకి ముడుచుకొని, అంచులు పసుపై, మొక్క గిడసబారితే దాన్ని ఉంచుకోకండి. ఉదయాన్నే పాలిథీన్ సంచిని మొక్క మీద బోర్లించి, మొదట్లో బిగించి, అప్పుడు పీకండి. ఉత్తచేతులతో ఊపుతూ పీకితే దాని మీది దోమలు పక్క మొక్కల మీదికి వైరస్‌తో సహా చేరతాయి. కొస మాడి, లేత ఆకుల మీద కంచు రంగు చుక్కలు పడితే అది తామర పురుగులు తెచ్చే మొగ్గమాడు, దానికీ ఇదే పని. కాయలు నిండుగా పట్టిన తరువాత ముడత వచ్చిన మొక్కను మాత్రం పీకనక్కరలేదు. గట్ల మీద వయ్యారిభామను, తుత్తురబెండను పూతకు రాకముందే తీసేయండి.

11. ఫలితాన్ని ఇలా సరిచూసుకోండి

ఏ పిచికారీ చేసినా ఒక చివర రెండు సాళ్లు వదిలేయండి. నాలుగైదు రోజుల తరువాత రెండు చోట్లా 20 మొక్కలు లెక్కపెడితే తేడా తెలుస్తుంది. వదిలిన సాళ్లలో కూడా పురుగు తగ్గి ఉంటే అది మీ పిచికారీ వల్ల కాదు, వాతావరణం వల్లో, మిత్రపురుగుల వల్లో తగ్గింది. ప్రతి కోతలో ఒక క్రేటు నుంచి 100 కాయలు తీసి, రంధ్రం పడినవి ఎన్నో రాయండి. ఈ అంకె కోత కోతకూ తగ్గుతుంటే మీ దారి సరైనదే. వరుసగా రెండు కోతల్లో పెరిగితే తిరిగి నాలుగో మెట్టు నుంచి చూసుకోవాలి.

ఫలితం రాలేదన్న చోట సాధారణంగా కనబడే కారణాలు ఇవి: మధ్యాహ్నపు ఎండలో కొట్టడం, పెద్ద పురుగుల మీద బీటీ కొట్టడం, బవేరియా వంటి మేలు చేసే శిలీంధ్రపు పొడిని తెగులు మందైన మాంకోజెబ్‌తో గాని రాగి మందుతో గాని ఒకే ట్యాంకులో కలపడం, పురుగుమందు కొట్టిన పంపును కడగకుండా వాడటం, ట్రైకో కార్డులు కట్టిన రెండో రోజే పక్కవారి మాట విని రసాయనం కొట్టడం. బవేరియాకు గాలిలో తేమ కావాలి, ఎండాకాలంలో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

12. రసాయనం తప్పనిసరి అయితే

లెక్కలో పురుగు పెరుగుతూ, మిత్రపురుగులు కనబడక, పైవన్నీ చేసినా ఆగకపోతే పంటను పోగొట్టుకోమని చెప్పను. డబ్బా మీద వజ్రాకారపు గుర్తు రంగు చూడండి: ఎరుపు, పసుపు గుర్తులున్నవి ముట్టవద్దు, నీలం, ఆకుపచ్చ వాటిలో టమాటాకు లేబుల్ మీద అనుమతి ఉన్నది, ఆ పురుగుకే పనిచేసేది ఉద్యాన అధికారిని అడిగి ఎంచుకోండి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడటం నిషేధం, ఎవరు చెప్పినా వాడకండి. సింథటిక్ పైరిత్రాయిడ్లను పదేపదే కొడితే ఎర్రనల్లి, తెల్లదోమ పెచ్చుమీరుతాయి. పిచికారీకి, కోతకు మధ్య ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీద ఉంటుంది. మార్కెట్లో ధర పెరిగిందని ఆ గడువు లోపల కోయడం తినేవారికి చేసే అన్యాయం.

కుండీల్లో పెంచేవారికి

మిద్దె మీద పది ఇరవై మొక్కలకు లింగాకర్షక బుట్ట పెట్టవద్దు, అది బయటి పురుగులను మీ ఇంటికి పిలుస్తుంది. రోజూ ఆకులు తిప్పి చూసి గుడ్ల కుప్పలను, పురుగులను చేతితో తీయండి, తెల్లదోమకు ఆకు అడుగున నీటి ధార కొట్టి, ఒక పసుపు అట్ట కట్టండి. పది రోజులకు ఒకసారి సాయంత్రం వేపనూనె ద్రావణం చాలు.

13. తోట తీసేసేటప్పుడు

ధర లేదని కోతలు ఆపి వదిలేసిన తోట చుట్టుపక్కల కొత్త తోటలన్నిటికీ పురుగును సరఫరా చేస్తుంది. చివరి కోత అయిన వారంలో మొక్కలు పీకి, కాయలతో సహా గుంతలో వేసి మట్టి కప్పండి. నేలలో దాగిన కోశాలు (పురుగు రెక్కల పురుగుగా మారే దశ) ఎండకు బయటపడేలా లోతుగా దున్నండి. వెంటనే అదే చేలో టమాటా, వంగ, బంగాళాదుంప వేయకుండా జొన్న, రాగి వంటి పంటకు మారండి. మార్కెట్ నుంచి తిరిగి వచ్చే క్రేట్లలో వేరేచోటి టూటా కోశాలు అంటుకొని రావచ్చు కాబట్టి, వాటిని తోటలోకి తీసుకుపోకముందే సబ్బు నీళ్లతో రుద్ది కడిగి, ఎండలో ఆరబెట్టి, పాత తోటకు వాడినవాటిని కొత్త నారుమడి దగ్గర పెట్టకుండా చూసుకోండి.